ఆ ట్యూన్ ఎవరిది?

బీటిల్స్ అభిమానుల మధ్య ఎప్పటికీ తెగని పేచీ ఒకటుంది. ఏ పాట తీసుకున్నా ఇది జాన్‌దా, పాల్‌దా అని తేల్చాలి. రికార్డు మీద పేర్లు చూస్తే తేలదు. ఎవరు రాసినా ఇద్దరి పేర్లూ వేసుకోవాలని జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ కుర్రతనంలోనే అనుకున్నారు. అందుకే, బ్యాండ్‌లో మిగతా ముగ్గురూ ఒక్క వాయిద్యమూ ముట్టుకోని ‘యెస్టర్‌డే’ మీద కూడా లెనన్ పేరుంది. 1969లో లెనన్ విడిగా చేసిన ‘గివ్ పీస్ ఎ ఛాన్స్’ మీద, ఆ పాటతో ఏ సంబంధమూ లేని మెకార్ట్నీ పేరు పడింది. 2002 నాటి లైవ్ ఆల్బమ్‌లో మెకార్ట్నీ తన పేరుని ముందుకి జరుపుకున్నాడు. అంటే ఈ పట్టింపు అభిమానులకే కాదు, ఆయనకీ ఉందన్నమాట.

ఈ పేచీ అంతటికీ నడిబొడ్డు ‘ఇన్ మై లైఫ్’. 1965లో వచ్చిన ‘రబ్బర్ సోల్’ ఆల్బమ్‌లోది. మాటలు ప్రధానంగా లెనన్‌వేనని ఇద్దరూ ఒప్పుకున్నారు. గొడవంతా ట్యూన్ దగ్గరే. పాల్ సాయం చేసింది మధ్య భాగంలోనేనని 1980లో లెనన్ చెప్పాడు. లెనన్ ఇంట్లో మెలోట్రాన్ ముందు కూర్చుని ట్యూన్ మొత్తం తనే కట్టానని మెకార్ట్నీ చెప్పుకున్నాడు. ఒకరు చనిపోయారు, ఇంకొకరు అదే మాట మీద ఉన్నారు. ఇక సాక్షి ఎవరు?

లెక్కలవాళ్ళు వచ్చారు. మార్క్ గ్లిక్‌మన్, జేసన్ బ్రౌన్, ర్యాన్ సాంగ్ అనే ముగ్గురు 1962-66 మధ్య వచ్చిన పాటల్లో స్వరాలు, కార్డ్‌లు ఒకదాని వెంట ఒకటి ఎలా వస్తున్నాయో లెక్కగట్టి ఒక మోడల్ తయారుచేశారు. 2019లో ఫలితాలు అచ్చయ్యాయి. ‘ఇన్ మై లైఫ్’ మెకార్ట్నీ కట్టి ఉండే అవకాశం తక్కువేనని ఆ మోడల్ తేల్చింది. పని మంచిదే, నిజాయితీగా చేసిందే. కానీ రోజూ కోడ్ రాసేవాడిగా నాకో సందేహం. ఆ మోడల్ దగ్గర ఉన్నవి రెండే పెట్టెలు. ఏ పాట ఇచ్చినా అందులో లెనన్ ఎంత, మెకార్ట్నీ ఎంత అనే చెప్పగలదు. ఒకడి చెవి కోసం ఇంకొకడు ట్యూన్ మార్చుకోవడం అనేదానికి అందులో చోటు లేదు.

అభిమానుల ఆరాకి కూడా రెండు పెట్టెలే ఉన్నాయి. లెనన్ అంటే గాయం, నిజాయితీ. మెకార్ట్నీ అంటే తీపి, నేర్పు. పోయినవాళ్ళని తలుచుకునే ‘ఇన్ మై లైఫ్’ లెనన్‌ది కాదంటే ఆ బొమ్మకి బీట పడుతుంది. ఎవరు రాశారన్న ప్రశ్న వెనక ఎవరిని ప్రేమించాలన్న ప్రశ్న ఉంది. అందుకే అంత పట్టుదల.

ఇంతకీ ఆ పాటలో చాలామందికి గుర్తుండిపోయేది మధ్యలో వచ్చే పియానో. అది ఇద్దరిలో ఎవరిదీ కాదు. నిర్మాత జార్జ్ మార్టిన్ టేపుని సగం వేగంతో నడుపుతూ వాయించి రికార్డు చేశాడు. మామూలు వేగంలో వింటే పాతకాలపు హార్ప్సికార్డ్‌లా మోగుతుంది. పేరు పడిన చోట ఆయన లేడు. పాట కూడా మొదట్లో ఇలా లేదు. తన ఇంటి నుంచి లివర్‌పూల్ ఊళ్ళోకి వెళ్ళే బస్సు దారిలో వచ్చే చోట్లన్నీ వరసగా పేర్చి లెనన్ మొదటి ప్రతి రాశాడు. చప్పగా ఉందని తనే పక్కన పెట్టేశాడు. ఊళ్ళ పేర్లు పోయాకే అది ఎవరి ఊరి గురించయినా పాడుకోగల పాటయింది.

పీటర్ జాక్సన్ తీసిన ‘గెట్ బ్యాక్’ డాక్యుమెంటరీలో, 1969 జనవరి నాటి ఒక దృశ్యం ఉంది. లెనన్ ఇంకా రాలేదు. మెకార్ట్నీ బేస్ గిటార్‌ని దడదడా వాయిస్తూ ఏదో గొణుగుతుంటాడు. జార్జ్ హారిసన్ ఆవులిస్తాడు. రింగో ఊరికే చూస్తుంటాడు. కాసేపటికి ఆ గొణుగుడు ‘గెట్ బ్యాక్’ పాట ఆకారానికి వస్తుంది, వీళ్ళిద్దరూ అందులో కలుస్తారు. పాట ఎవరిదంటే మెకార్ట్నీదే, అనుమానం లేదు. కానీ ఆ గదిలో ఆవులించేవాడి ముందు, చూస్తూ కూర్చున్నవాడి ముందు అది పుట్టింది.

అభిమానుల ఆరా తప్పని నేననను. దానివల్లే అరవై ఏళ్ళ నాటి పాటని మళ్ళీ చెవులు రిక్కించి వింటున్నాం. ప్రశ్ననే కొంచెం మార్చుకుంటే బాగుంటుంది. ఈ ముక్క ఎవరు రాశారని కాకుండా, ఇది ఎవరికి వినిపించాలని రాశారని అడగాలి. ఆ ప్రశ్నతో వింటే, రికార్డు మీద రెండు పేర్ల మధ్య ఉన్న ఆ చిన్న గీతకి కూడా అర్థం ఉందని తెలుస్తుంది.