సైకిలు తాళం: అట్టమీది మాట, ఉక్కులోని నిజం

సైకిలు కొనేటప్పుడు బ్రేకులు నొక్కి చూస్తాం, టైర్లు పిసికి చూస్తాం, గంట మోగించి చూస్తాం. తాళం దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఏదో ఒకటి బిగించండి" అనేస్తాం. అది ఏ ఉక్కుతో చేశారు, కమ్మీ ఎంత మందం, దాని తాళంచెవి ఇంకెన్ని తాళాలకు పడుతుంది అని అడిగేవారు అరుదు. అడిగినా షాపువారికి తెలియదు. డబ్బా మీద ఉండేది "హెవీ డ్యూటీ" అన్న రెండు మాటలే.

ఇది చిన్న విషయం కాదు. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో 44.8 శాతం కుటుంబాలకు సైకిలు ఉంది. పాలు పోసేవారికి, తాపీ పనికి వెళ్లేవారికి అది పనిముట్టు. బీహార్‌లో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్లిచ్చే పథకం మొదలైంది. దానివల్ల ఆ వయసు బాలికలు హైస్కూల్లో చేరడం 32 శాతం పెరిగిందని కార్తీక్ మురళీధరన్, నిశిత్ ప్రకాశ్‌ల అధ్యయనం 2017లో తెలిపింది. అలాంటి ఇంట్లో సైకిలు పోతే చదువే ఆగిపోవచ్చు. కాబట్టి తాళాన్ని కూడా పుస్తకాన్ని సమీక్షించినంత శ్రద్ధగా సమీక్షించడం న్యాయం.

చక్రపు తాళం

మన సైకిళ్లకు వెనుక చక్రం దగ్గర బిగించి వచ్చే గుండ్రటి తాళంతో మొదలుపెడదాం. దీని గొప్ప గుణం, అది ఎప్పుడూ సైకిలుతోనే ఉండటం. ఇంట్లో మరచిపోయే ప్రశ్న లేదు, వెయ్యడానికి రెండు సెకన్లు చాలు. దుకాణం ముందు రెండు నిమిషాలు ఆగేవారికి ఇంతకన్నా అనువైనది లేదు.

కాని అది ఆపేది చక్రం తిరగడాన్ని మాత్రమే, సైకిలును ఎత్తుకుపోవడాన్ని కాదు. సైకిలు బరువు పాతికకిలోల లోపే. ఇద్దరు మనుషులు, ఒక ట్రాలీ ఆటో ఉంటే తాళాన్ని ముట్టుకోవలసిన పనే లేదు. పైగా చవక రకాల్లో తాళంచెవి గాట్ల తేడాలు కొద్దిగానే ఉంటాయి. ఉదాహరణకు నాలుగు చోట్ల గాట్లు, ఒక్కో గాటుకు మూడు లోతులు ఉన్నాయనుకోండి. 3×3×3×3 లెక్కన మొత్తం 81 రకాల చెవులే సాధ్యం. వందల సైకిళ్లు నిలిపే స్టాండులో ఒకరి చెవి మరొకరి తాళానికి పట్టడంలో వింతేముంది?

అంకెల తాళం

చెవి అక్కరలేదన్న ఆకర్షణతో పిల్లలు అంకెల తాళం కోరుకుంటారు. మూడు చక్రాల తాళంలో 000 నుంచి 999 వరకు వెయ్యి సంఖ్యలు. ఒక్కోదానికి రెండు సెకన్ల చొప్పున అన్నీ తిప్పి చూసినా 33 నిమిషాలే. నాలుగు చక్రాలుంటే పదివేల సంఖ్యలు, అంటే అయిదున్నర గంటలు. కాగితం మీద ఇది మంచి రక్షణే.

అసలు లోపం తయారీలో ఉంది. చవక తాళంలో చక్రాలన్నీ ఒకే కొలతకు రావు. తాళాన్ని లాగిపట్టినప్పుడు ఒక చక్రం మిగతావాటికన్నా బిగుసుకుంటుంది. అలా ఒక్కో చక్రాన్ని విడిగా కనిపెట్టగలిగితే వెయ్యి ప్రయత్నాలు 10+10+10, అంటే ముప్ఫైకి దిగిపోతాయి. గుణకారంగా ఉండవలసిన రక్షణ కూడికగా మారిపోతుందన్నమాట.

తీగ, గొలుసు, యు-లాకు

చూపుకు ఎక్కువగా మోసం చేసేది తీగ తాళం. పైన 12 మిల్లీమీటర్ల లావు కనిపిస్తుంది, అందులో చాలాభాగం ప్లాస్టిక్ తొడుగు. లోపలి ఉక్కు 6 మిల్లీమీటర్లే అయితే దాని అడ్డుకోత వైశాల్యం కనిపించేదానిలో నాలుగో వంతే. వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి మారుతుంది కదా. అదీగాక ఈ తీగ సన్నని పోగుల పేట. కట్టరుకు కమ్మీ అంతా ఒక్కసారి తెగనక్కరలేదు, కొన్ని పోగుల చొప్పున తెంపుకుంటూ పోవచ్చు.

గొలుసు, యు-లాకు ఇంతకన్నా మేలు. కాని లావు ఒక్కటే చాలదు, ఉక్కు గట్టిదనం కావాలి. మెత్తని ఉక్కును ఇనుప రంపం తేలిగ్గా కోస్తుంది. అలాగని ఉక్కు మొత్తాన్ని గట్టిపరిస్తే పెళుసుబారి సుత్తిదెబ్బకు పగులుతుంది. అందుకే మంచి తాళంలో పైపొరను గట్టిపరిచి లోపలి భాగాన్ని సాగే గుణంతో ఉంచుతారు. యు-లాకులో మరో సంగతి: లోపలి ఖాళీ ఎంత తక్కువైతే అంత మంచిది. గడ్డపలుగు దూర్చడానికి చోటుండదు.

లోపం చెప్పడం తప్పా?

ఇలా లోపాలు అచ్చువేస్తే దొంగలకు పాఠం చెప్పినట్లు కాదా అని మీరు అడగవచ్చు. ఈ ప్రశ్న పాతదే. 1851లో లండన్ మహా ప్రదర్శన సమయంలో ఆల్ఫ్రెడ్ చార్లెస్ హాబ్స్ అనే అమెరికన్, ఎవరూ తెరవలేరన్న చబ్ తాళాన్ని అరగంటలోపే తెరిచాడు. దశాబ్దాలుగా దుకాణం కిటికీలో సవాలు విసురుతున్న బ్రామా తాళానికి 16 రోజుల్లో 51 గంటలు పట్టింది. హాబ్స్ చెప్పిన సమాధానం నేటికీ చెల్లుతుంది: దొంగలకు ఈ విద్య ముందే తెలుసు, తెలియనిది కొనేవారికే.

2004లో అమెరికాలో దీనికి రుజువు దొరికింది. క్రిప్టోనైట్ కంపెనీ యు-లాకుల్లో గొట్టపు చెవి రకం కొన్నింటిని మామూలు బాల్‌పెన్ను గొట్టంతో తెరవవచ్చని బయటపడింది. లోపం నలుగురికీ తెలిశాకే కంపెనీ పాత తాళాలు తీసుకుని కొత్తవి ఇచ్చింది.

"తెగని తాళం" లేదు

బ్రిటన్‌లో పోలీసుల చొరవతో 1992లో మొదలైన సోల్డ్ సెక్యూర్ సంస్థ తాళాలను పరీక్షించి కంచు, వెండి, బంగారం అంటూ తరగతులు ఇస్తుంది. తరువాత వజ్రం కూడా చేరింది. ఇది మంచి పద్ధతే. అయితే దాని అర్థం, ఫలానా పనిముట్లతో ఇంతసేపు ఆగింది అని మాత్రమే. తాళం అమ్మేది సమయాన్ని, అభేద్యతను కాదు. బ్యాటరీతో నడిచే గ్రైండరు వచ్చాక మామూలు ఉక్కు తాళం ఆ సమయాన్ని కూడా ఎక్కువగా ఇవ్వలేకపోతోంది.

2020లో డర్హం విశ్వవిద్యాలయం, జర్మనీకి చెందిన ఫ్రౌన్‌హోఫర్ పరిశోధకులు ప్రోటియస్ అనే పదార్థాన్ని ప్రకటించారు. అల్యూమినియం నురుగులో పింగాణీ గుండ్లు పొదిగినది ఇది. కోసే చక్రం తగలగానే లోపల కంపనాలు పుట్టి ఆ చక్రాన్నే అరగదీస్తాయి. గ్రైండరును తట్టుకునేలా చేసిన తాళాలు కొన్ని ఇప్పుడు విదేశీ మార్కెట్లో ఉన్నాయి. కాని సైకిలు ధరలో చెప్పుకోదగ్గ వాటాను తాళానికే పెట్టమంటే మన పాలవాడు ఏంచేస్తాడు?

మరి ఏం కొనాలి?

సైకిలుతో వచ్చిన చక్రపు తాళాన్ని ఉంచుకోండి. దానితోపాటు గట్టిపరిచిన ఉక్కు గొలుసు గాని, చిన్న యు-లాకు గాని కొనండి. కొనేముందు తాళపు కమ్మీ మీద ఆకురాయితో ఒక మూల గీయనివ్వమని అడగండి. ఆకురాయి జారిపోతే పైపొర గట్టిది, పొడి రాలితే మెత్తనిది. ఫ్రేమును, వెనుక చక్రాన్ని కలిపి భూమిలో పాతిన స్తంభానికి వెయ్యండి. గొలుసు నేలను తాకకుండా చూడండి, నేలమీద ఆనితే సుత్తికి దాగలి దొరికినట్లే. గంటలకొద్దీ వదలవలసి వస్తే మనిషి కాపలా ఉన్న స్టాండే మేలు.

ఇంత చెప్పినా భారమంతా కొనేవారి మీద వెయ్యడం సరికాదు. కమ్మీ వ్యాసం, ఉక్కు గట్టిపరిచిందా లేదా, ఎన్ని రకాల చెవులు అన్న మూడు వివరాలు డబ్బా మీద అచ్చువేయడానికి తయారీదారుకు పైసా అదనపు ఖర్చు కాదు. బడి ఆవరణలో, బస్టాండులో నేలలో పాతిన నాలుగు ఇనుప గొట్టాలకూ పెద్ద బడ్జెట్ అక్కరలేదు. ఈసారి సైకిలు షాపుకు వెళ్లినప్పుడు ఆ మూడు ప్రశ్నలూ అడగండి. పదిమంది అడిగితే షాపువారు డీలరును అడుగుతారు, డీలరు కంపెనీని అడుగుతాడు. లేకపోతే దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లే ఉంటుంది మన జాగ్రత్త.