పాతబస్తీ గోడలు నేర్పే డ్రాఫ్టింగ్

గుల్జార్ హౌజ్ దగ్గర నిలబడితే నాలుగు దిక్కులా నాలుగు కమాన్లు, దక్షిణాన 1591 నాటి చార్మినార్. దిక్కులకు సరిగ్గా అమర్చి కట్టిన నడిబొడ్డు అది. కమాన్ దాటి సందులోకి తిరిగితే మాత్రం లంబకోణం దొరకడం కష్టం. తరతరాల పంపకాల్లో చీలిన ఇళ్లు, ఒకదాన్నొకటి ఆనుకున్న గోడలు, లోపలికి పోయేకొద్దీ ఇరుకయ్యే గదులు. ఆటోక్యాడ్ నేర్చుకుంటున్నవారు మొదటి ప్లాన్‌కు ఇక్కడి ఇల్లే ఒకటి ఎంచుకోవాలని గట్టిగా చెబుతాను.

కారణం ఎఫ్8 మీట. దాన్ని నొక్కితే ఆర్థో మోడ్ వస్తుంది. గీతలన్నీ నిలువుగానో అడ్డంగానో పోతాయి. కొత్తవాళ్లు దాన్ని వదలరు. తెర మీద ప్లాన్ ముచ్చటగా వస్తుంది కానీ, అక్కడి గోడ అలా ఉండదు. 18 అడుగుల వెడల్పు, 30 అడుగుల లోతు ఉన్న 60 గజాల స్థలం తీసుకోండి. మూలలు సరిగ్గా ఉంటే రెండు కర్ణాలూ దాదాపు 35 అడుగులు రావాలి. టేపు ఒకవైపు 35 అడుగుల 6 అంగుళాలు, రెండోవైపు 34 అడుగుల 6 అంగుళాలు చూపిందంటే, వెనక గోడ సుమారు ఒక అడుగు పక్కకు జరిగి ఉందన్నమాట. నాలుగు భుజాలే కొలిచి వచ్చినవారికి ఈ అడుగు కనబడదు. పని మొదలైన రోజున మేస్త్రీకి కనబడుతుంది.

అందుకే ప్రతి గదికీ కర్ణం కొలవాలి. గీసేటప్పుడు ముందు గోడను ఒక గీతగా పెట్టి, దాని ఒక కొస కేంద్రంగా పక్కగోడ పొడవుతో ఒక వృత్తం, రెండో కొస కేంద్రంగా కర్ణం పొడవుతో మరో వృత్తం గీయండి. గది వైపు అవి ఖండించుకున్న చోటే అసలు మూల. ఎఫ్3తో ఆబ్జెక్ట్ స్నాప్ పెట్టుకుంటే గీత సరిగ్గా ఆ బిందువునే పట్టుకుంటుంది. కంటి అంచనాతో అతికించిన మూలను పెద్దది చేసి చూస్తే సందు బయటపడుతుంది, హ్యాచ్ నింపబోతే మొరాయిస్తుంది. వృత్తాలను వేరే లేయర్‌లో పెట్టి, ఆ లేయర్ ప్రింటు కాకుండా ఆపి ఉంచండి, చెరిపేయకండి. ఆ మూల ఎలా వచ్చిందని రేపు ఎవరైనా అడిగితే వాటినే చూపించాలి.

కొలవడంలోనూ ఒక పద్ధతుంది. ఒకే గోడకు తలుపు, కిటికీ, అల్మారా వరసగా ఉంటే టేపు సున్నాను ఒక మూలలోనే ఉంచి, ఒక్కో అంచు దగ్గర ఎంత వచ్చిందో రాసుకోవాలి. ముక్కముక్కలుగా కొలిస్తే చిన్న తేడాలన్నీ కలిసి చివరికి అంగుళం దాటవచ్చు. పాత దేవిడీల గోడల మందాన్ని ఊహించకండి, తలుపు దగ్గర కొలవండి.

1908 మూసీ వరద తర్వాత లెనార్డ్ మన్ ఆధ్వర్యంలో హైదరాబాద్‌ను వివరంగా కొలిచి పటాలు గీశారు. వందేళ్లు దాటినా నగర చరిత్ర వెతికేవారు ఆ పటాలను తెరుస్తూనే ఉన్నారు. వంకర సందును వంకరగానే గీశారు కాబట్టే వాటికి ఆ విలువ. వాళ్లు చేత్తో గీశారు. మన చేతిలో మౌస్ ఉంది. కొలతకు కట్టుబడటం మాత్రం ఇద్దరికీ ఒకటే.

కొత్తవాళ్లు చేసే పనుల్లో నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది డైమెన్షన్ అంకెను చేత్తో మార్చడం. గోడ 9 అడుగుల 7 అంగుళాలని చూపిస్తుంది, రావలసింది 9 అడుగుల 9 అంగుళాలు. గీతను జరపడానికి ఓపిక లేక అంకె మీద అంకె కొట్టేస్తారు. ఆ ఫైలు అందుకున్న ఇంజనీరు గీతను నమ్మాలా, అంకెను నమ్మాలా? గీతను సరిచేయండి, అంకె దానంతటదే మారుతుంది.

మిగతావి చిన్న అలవాట్లే. మొదటి గీతకు ముందే యూనిట్లు చూసుకోవాలి. గోడను అసలు కొలతకే గీసి, స్కేలు సంగతి లేఅవుట్‌లో తేల్చాలి. గోడలు, తలుపులు, డైమెన్షన్లు తలో లేయర్‌లో ఉండాలి. పదే పదే వచ్చే తలుపును బ్లాక్ చేసుకోవాలి. ఫైలుకు తేదీతో పేరు పెట్టాలి. పాత ఫైలు మీదే సేవ్ చేస్తూ పోతే నిన్నటి ప్లాన్ దొరకదు.

చివరగా ప్రింటు తీసి, స్కేలుతో ఒక గోడను సరిచూసి, ఆ కాగితంతో మళ్లీ ఆ ఇంటికే వెళ్లండి. గీయడానికి వాడని కర్ణం ఒకటి మిగిలి ఉంటుంది కదా, దాన్ని కొలిచి ప్లాన్‌తో పోల్చండి. తేడా అర అంగుళం దాటితే వృత్తాల లేయర్ తెరిచి, తప్పిన మూలను మళ్లీ గీయాలి.