కిన్నెర చేతిలో కథ, మన చేతిలో వీడియో

2021లో ‘భీమ్లా నాయక్’ సినిమా పాటకు ఎత్తుగడగా ఒక పల్లె గొంతు వినిపించింది. అది నాగర్‌కర్నూల్ జిల్లా లింగాల మండలం అవుసలికుంటకు చెందిన కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్య గొంతు. మరుసటి ఏడు ఆయనకు పద్మశ్రీ వచ్చింది. దాంతో డక్కలి వాళ్లు తరతరాలుగా కాపాడుకొస్తున్న పన్నెండు మెట్ల కిన్నెర పేరు పాలమూరు పొలిమేర దాటింది. పేరు దాటింది గానీ, ఆ వాయిద్యం వెనకున్న నేర్పు గురించి ఎవరూ పెద్దగా మాట్లాడలేదు. ఇంటి వీడియోలు చేసుకునే ప్రతి ఒక్కరికీ పనికొచ్చే నేర్పు అది.

వెదురు కర్ర, దానికింద సొరకాయ బుర్రలు, పైన మైనంతో నిలబెట్టిన మెట్లు, తీగలు. దాన్ని ఒళ్లో పెట్టుకుని ఒకే మనిషి పండుగ సాయన్న కథ చెబుతాడు, మియాసాబ్ కథ చెబుతాడు. పాడేదీ మీటేదీ ఆయనే. మైకులు లేని కాలంలో రచ్చకట్ట చివర కూర్చున్న ముసలాయనకు కూడా సాయన్న ఎవరిని దోచాడో, ఎవరికి పంచాడో మాట మాట తెలియాలి. తెలిసేది కూడా.

అందుకు మొదటి కారణం వాయిద్యంలోనే ఉంది. తీగను మీటగానే పుట్టిన నాదం కాసేపట్లోనే సన్నగిల్లుతుంది. ఆ సందులో మాటకు చోటు దొరుకుతుంది. అదే హార్మోనియం లాగా ఆగకుండా సాగే నాదమైతే హల్లులను కప్పేస్తుంది, వినేవాడికి అచ్చుల మోతే మిగులుతుంది. రెండో కారణం చేయి. మాట నడుస్తున్నంతసేపు వేలు తీగను ఊరికే తాకుతూ శ్రుతినీ నడకనూ నిలబెడుతుంది. చరణం విరిగిన చోట మాత్రం కిన్నెర గొంతెత్తి బదులు పలుకుతుంది. కథలో గుండె పట్టేసే మాట వచ్చినప్పుడు చేయి ఆగిపోవడం కూడా ఈ విద్యలో భాగమే. ఒగ్గు కథలో అంత పెద్ద మోత చేసే డోలు సైతం వచనం దగ్గర తగ్గుతుంది, బుర్రకథలో డక్కీలూ అంతే. మన కథకులు శబ్దాన్ని ఎంత పెంచాలన్నదాని కన్నా ఎవరి వంతు ఎప్పుడన్నదే ముందు చూసుకున్నారు.

ఇక మన ఇళ్లలో వీడియోలు చూడండి. గద్వాలలో ఒక అవ్వ మగ్గం ముందు కూర్చుని, నూలు ఒంటికి పట్టు అంచును ఎట్లా కలుపుతారో చెబుతుంటుంది. మనవడు దాని మీద సినిమా పాట పరుస్తాడు, గాయకుడి గొంతుతో సహా. ఒకేసారి రెండు గొంతులు మాటలు పలుకుతుంటే చెవి ఏ మాటనూ పట్టుకోలేదు. వాల్యూమ్ ఎంత తగ్గించినా ఈ ఇబ్బంది పూర్తిగా పోదు. అందుకే అవ్వ మాట్లాడేచోట సాహిత్యం లేని సంగీతమే పెట్టాలని నేను గట్టిగా చెబుతాను. గద్వాల చీరలో పట్టు అంచుకూ కొంగుకూ ఉంటుంది, ఒళ్లంతా నూలు. వీడియోలో పాట చోటు కూడా అంతే: మొదట్లో, చివర్లో, ఒక ముచ్చట ముగిసి ఇంకోటి మొదలయ్యే సందులో.

ఎంత తగ్గించాలి? వెబ్‌ను అందరికీ అందుబాటులో ఉంచడానికి 2008లో వచ్చిన డబ్ల్యూ3సీ అనే సంస్థ ప్రమాణాల్లో అన్నిటికన్నా పై స్థాయి, మాట వెనక వినిపించే ధ్వని మాట కన్నా కనీసం 20 డెసిబెల్స్ తక్కువ ఉండాలంటుంది. చెవికి అది సుమారు నాలుగో వంతుగా తోస్తుంది. చెవుడు మొదలైన పెద్దవాళ్లకు ఇదే సరైన కొలత. ముందు గొంతును సరిచేసుకోవాలి. అవ్వ గొంతు ఎక్కువతక్కువలను సమం చేసి, అతి పెద్ద మాట కూడా మీటరులో మైనస్ 6 డెసిబెల్స్ దాటకుండా చూడాలి. సంగీతాన్ని ఆ తర్వాతే తేవాలి. సంగీతం ముందు పెట్టి గొంతును దాని మీదికి ఎక్కించబోతే రెండూ పెరుగుతూ పోయి చివరికి పగిలిన శబ్దమే మిగులుతుంది.

కిన్నెర చేయి చేసే పనిని యంత్రంతోనూ చేయించవచ్చు. దాన్ని డకింగ్ అంటారు. ఉచితంగా దొరికే ఆడాసిటీ అనే శబ్ద సవరణ సాఫ్ట్‌వేర్‌లో ఆటో డక్ అనే సదుపాయం ఉంది. మాట రాగానే సంగీతాన్ని తగ్గిస్తుంది, ఆగగానే పెంచుతుంది. అది మామూలుగా తగ్గించేది 12 డెసిబెల్సే కాబట్టి ఇంకొంత మనమే దించుకోవాలి. ఈ ఎత్తుపల్లాలు చటుక్కున జరిగితే వినేవాడి ధ్యాస చెదురుతుంది, అర సెకనో సెకనో పట్టేలా పెట్టాలి. అవ్వ ఊపిరి తీసుకోవడానికి ఆగిన ప్రతిసారీ పాట పైకి లేస్తే మరీ అన్యాయం. ఆ మౌనం కూడా ఆమె ముచ్చటలోదే. ఇంకో ఉపాయం, ఈక్వలైజర్‌లో సంగీతానికి 2,000 నుంచి 4,000 హెర్ట్జ్ మధ్య మూడు నాలుగు డెసిబెల్స్ కోయడం. హల్లుల స్పష్టత చాలావరకు అక్కడే ఉంటుంది.

అసలు పాట కావాలా అని కూడా ప్రశ్నించుకోవాలి. మగ్గం చప్పుడుకే ఒక నడక ఉంది. అవ్వ మాట్లాడని వేళ ఆ చప్పుడునొక్కదాన్నే అర నిమిషం రికార్డు చేసి పెట్టుకుంటే, కోతలు పడ్డ చోట్ల అతుకు తెలియకుండా పరచుకోవచ్చు. వనపర్తిలో పెళ్లి ముచ్చట్లకు ఇంటి సందడి, నాగర్‌కర్నూల్ పల్లెలో వడ్లు చెరిగే అమ్మ మాటలకు చాట చప్పుడు ఇట్లాగే పనికొస్తాయి. ఆ యాస, ఆ చప్పుళ్లు రేపటికి దొరకవు. సినిమా పాట ఎప్పుడైనా దొరుకుతుంది.

ఈ వీడియోలను చూసేది చాలాసార్లు వలస పోయిన బిడ్డలు. ముంబైలోనో దుబాయ్‌లోనో పని మధ్యలో చిన్న ఫోన్లో వింటారు. కాబట్టి హెడ్‌ఫోన్స్‌లో కుదిరిందని ఆగకుండా, ఫ్యాన్ తిరిగే గదిలో ఫోన్ స్పీకర్‌లో ఒకసారి వినాలి. వీడియో చేసినవాడికి అవ్వ మాటలు ముందే కంఠస్థం, అతనికి ఎంత మోతలోనైనా వినిపిస్తాయి. ఆ ముచ్చట ఎన్నడూ వినని మనిషిని పక్కన కూర్చోబెట్టి చూపించాలి. ఆ మనిషి ‘ఏమన్నది?’ అని అడిగిన ప్రతిచోటా గుర్తు పెట్టుకుని, అక్కడ సంగీతాన్ని ఇంకో మూడు డెసిబెల్స్ దించాలి.