భాషాధ్యయనం – సాంఘిక బాధ్యత : జర్మన్ అనుభవం

నా దగ్గర తెలుగు చదువుకుంటూ, సాయంత్రాలు జర్మన్ తరగతికి పోతున్న ఒక విద్యార్థి ఈ మధ్య నన్నొక ప్రశ్న అడిగాడు. "మాస్టారూ, నాకు కావలసింది పరీక్ష ప్యాసైన కాగితం. గోథే, షిల్లర్ నాకెందుకండీ?" భాష అంటే సంస్కృతి అనీ, సంస్కృతి మనిషిని ఉన్నతుణ్ణి చేస్తుందనీ నాలుగు మాటలు చెప్పి పంపించాను. ఆ సమాధానం నాకే తృప్తినివ్వలేదు. ఏ భాషను గురించి ఆ మాటలు చెప్పానో ఆ భాష చరిత్రే వాటిని ప్రశ్నిస్తున్నది.

ముందుగా ఒక విషయం స్పష్టం చేసుకోవాలి. పొట్టకూటికోసం పరాయిభాష నేర్చుకునేవారిని ఎగతాళి చేసే హక్కు ఎవరికీ లేదు. జర్మనీలో చదువుకోదలచిన యువకుడికీ, అక్కడి ఆస్పత్రిలో పనికి కుదరదలచిన నర్సుకూ ఆ భాష జీవనాధారం. నా ఆక్షేపణ వారిమీద కాదు. భాషను కేవలం పనిముట్టుగా చూసేవారూ, సంస్కృతిని కేవలం పూజావస్తువుగా చూసేవారూ పైకి విరోధులుగా కనిపిస్తారు. కాని ఒక విషయంలో ఇద్దరూ ఏకమవుతున్నారు. ఇద్దరూ భాషను దాన్ని మాట్లాడే సమాజం నుంచి విడదీస్తున్నారు. ఈ విడదీత ఎక్కడికి దారి తీయగలదో జర్మనీ చూపించింది.

జర్మన్ భాషాసాహిత్యాల అధ్యయనాన్ని ఆ దేశంలో గెర్మానిస్టిక్ అంటారు. దాని మూలపురుషులు గ్రిమ్ సోదరులు. మనవాళ్లకు వారు పిల్లల కథల సంకలనకర్తలుగానే పరిచయం. 1837లో హనోవర్ రాజు ఎర్నెస్ట్ ఆగస్ట్ అంతకు నాలుగేళ్ల నాటి రాజ్యాంగాన్ని రద్దు చేసినప్పుడు, గోటింగెన్ విశ్వవిద్యాలయంలో ఏడుగురు ఆచార్యులు నిరసన తెలిపారు. ఆ ఏడుగురిలో యాకోబ్ గ్రిమ్, విల్‌హెల్మ్ గ్రిమ్ ఉన్నారు. ఏడుగురికీ కొలువులు పోయాయి. యాకోబ్‌తోపాటు మరి ఇద్దరికి దేశబహిష్కారం కూడా ప్రాప్తించింది. కొలువు పోయిన ఆ సోదరులే 1838లో జర్మన్ మహానిఘంటువుకు పూనుకున్నారు. మొదటి సంపుటం 1854లో వెలువడింది. 32 సంపుటాలుగా ఆ పని ముగిసేసరికి 1961 వచ్చింది. 1848 విప్లవకాలంలో ఫ్రాంక్‌ఫర్ట్ జాతీయసభలో యాకోబ్ సభ్యుడు. అంటే ఈ శాస్త్రం పుట్టుకలోనే ప్రజాస్వామిక ఆకాంక్ష ఉన్నదన్నమాట.

అయితే దానిలో మరొక బీజం కూడా ఉన్నది. ప్రాచీన గాథల్లో జాతి ఆత్మను వెతకటం ఆ తరం ఆశయం. చిన్నచిన్న సంస్థానాలుగా చీలిన దేశంలో, రాజులకు వ్యతిరేకంగా, ఆ ఆశయం అభ్యుదయకరమే. కాని 1848 విప్లవం ఓడిపోయింది. 1871లో జర్మనీని ఏకం చేసింది ప్రజల ఉద్యమం కాదు, బిస్మార్క్ నాయకత్వాన ప్రష్యా సైనికబలం. అప్పటినుంచి జాతి ఆత్మ అనే మాట రాజులకు ఎదురు నిలిచే ఆయుధంగా మిగలక, రాజ్యానికి అలంకారమయింది. మాట మారలేదు, అది సేవించే వర్గం మారింది.

1933 మే 10న ఇరవైకి పైగా విశ్వవిద్యాలయ పట్టణాల్లో పుస్తకాలు తగలబడ్డాయి. మార్క్స్, ఫ్రాయిడ్, హైన్రిష్ మన్, కెస్ట్నర్ రచనలు మంటల్లో పడ్డాయి. ఆ పని నడిపింది చదువురాని మూక కాదు, విద్యార్థి సంఘాలు. బాన్ నగరంలో ఆ మంటల ముందు ఉపన్యసించిన హన్స్ నౌమన్ జర్మన్ సాహిత్యాచార్యుడు. గోథే, షిల్లర్ జీవించిన వైమార్ పక్కనే, ఎటర్స్‌బెర్గ్ కొండమీద, 1937లో బుహెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరం వెలిసింది. మహాకావ్యాలు చదివినంత మాత్రాన మనిషి ఉన్నతుడౌతాడనే వాదానికి ఇంతకంటే కఠినమైన సమాధానం చరిత్రలో అరుదు.

అందుచేత భాషాధ్యయనం వ్యర్థమని తీర్మానించవచ్చునా? కూడదు. విక్టర్ క్లెంపెరర్ డ్రెస్డెన్‌లో ఫ్రెంచి మొదలైన రొమాన్సు భాషల ఆచార్యుడు. యూదు కుటుంబంలో పుట్టినందుకు 1935లో కొలువునుంచి తొలగించబడ్డాడు. పుస్తకాలు అందుబాటులో లేకుండా పోయినప్పుడు, ఆయన తన చుట్టూ వినబడే జర్మన్ భాషనే పాఠ్యగ్రంథం చేసుకొన్నాడు. మూఢావేశం అనే నిందావాచకం ప్రశంసగా ఎలా మారిందో, మామూలు మనుషుల నోళ్లలోకి ఆ మాటలు ఎలా జొరబడ్డాయో రహస్యంగా రాసిపెట్టుకొన్నాడు. ఆ పరిశీలనల గ్రంథం 1947లో అచ్చయింది. నౌమన్ చదివినదీ క్లెంపెరర్ చదివినదీ భాషే. ఒకడు ఆ విద్యను అధికారానికి అర్పించాడు. ఒకడు అదే విద్యతో అధికారాన్ని విప్పి చూపించాడు.

పశ్చిమ జర్మనీలో ఆచార్యులు తమ శాస్త్రపు గతాన్ని బహిరంగంగా చర్చకు పెట్టటానికి 1966 నాటి మ్యూనిక్ మహాసభ దాకా ఆగవలసి వచ్చింది. ఇరవై యేళ్లకు పైబడిన మౌనం అది. ఇక్కడ మనం ఆత్మవిమర్శ కూడా చేసుకోవాలి. తప్పంతా అవతలిపక్షానిదేనని సంతోషించటానికి వీలులేదు. తూర్పు జర్మనీలో, లైప్‌జిగ్ విశ్వవిద్యాలయంలో ఒక తరానికి సాహిత్యం బోధించిన మార్క్సిస్టు విమర్శకుడు హన్స్ మాయర్ అధికారులతో ఘర్షణపడి 1963లో పశ్చిమానికి వెళ్లిపోయాడు. సోషలిజం పేరుతోనైనా సరే, విమర్శకుణ్ణి భరించలేని చోట సాహిత్యబోధన సజీవంగా ఉండలేదు.

కాబట్టి మన జర్మన్ తరగతుల్లో కావలసింది గోథే భజనా కాదు, పరీక్ష కిటుకులూ కాదు. వ్యాకరణం గట్టిగా చెప్పాలి. దానితోపాటు హైనే ప్రవాసంలో ఎందుకు చనిపోయాడో, బ్యూహ్నర్ 1834లో హెస్సె రైతుల కోసం రాసిన కరపత్రం ఎందుకు అతన్ని దేశం దాటించిందో, బ్రెష్ట్ 1933లో ఎందుకు పారిపోయాడో చెప్పాలి. రేపు ఆ దేశంలో బతకబోయే మన పిల్లవాడికి ఉద్యోగపు ఒప్పందం చదవటం ఎంత అవసరమో, వీధిలో తనను ఉద్దేశించి అన్న మాట వెనుక ఏ చరిత్ర ఉన్నదో తెలియటమూ అంతే అవసరం.

ఇది జర్మన్ బోధించేవారికి మాత్రమే చెప్పే మాట కాదు. ప్రాచీన వైభవాన్ని కీర్తిస్తూ, ఆ వైభవాన్ని మోసిన భుజాలను గురించి అడగని తెలుగు పాఠం కూడా అదే దారిలో నడుస్తున్నది. నేను చెప్పిన పాఠాల్లోనూ అటువంటివి ఉన్నవి.

ఆ విద్యార్థి మళ్లీ అడిగితే, సంస్కృతి నిన్ను ఉన్నతుణ్ణి చేస్తుందని ఇక చెప్పను. గోథేను చదువు, ఆ కొండమీది శిబిరాన్నీ చదువు, రెండూ ఒకే భాషలో నడిచాయని మరిచిపోకు అని చెబుతాను.