పేరు కొట్టేస్తే సరిపోదు

1990ల మధ్యలో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం తన ఉద్యోగుల ఆసుపత్రి రికార్డులను పరిశోధకులకు ఇచ్చింది. పేర్లు తీసేశాం, ఎవరి గుట్టూ బయటపడదని గవర్నర్ విలియం వెల్డ్ భరోసా ఇచ్చారు. కానీ పుట్టిన తేదీ, లింగం, జిప్ కోడ్ (అక్కడి పిన్‌కోడ్) రికార్డుల్లో అలాగే ఉండిపోయాయి. అప్పట్లో ఎంఐటీలో చదువుకుంటున్న లటాన్యా స్వీనీ 20 డాలర్లు పెట్టి గవర్నర్ ఉండే కేంబ్రిడ్జ్ నగర ఓటర్ల జాబితా కొన్నారు. గవర్నర్ పుట్టిన తేదీనే పుట్టినవాళ్లు అందులో ఆరుగురు. వాళ్లలో మగవాళ్లు ముగ్గురు. ఆయన జిప్ కోడ్‌లో ఉన్నది ఒక్కరే. గవర్నర్ వైద్య రికార్డు ఆమె చేతికి చిక్కింది.

అందుకే అనానిమైజేషన్ అంటే పేరు చెరపడం కాదు, మనిషిని గుంపులో కలిపేయడం. పుట్టిన తేదీ బదులు సంవత్సరం మాత్రమే ఉంచుతారు, పిన్‌కోడ్ చివరి అంకెలు తీసేస్తారు. అలా ఒక్కో వరుసా మరికొన్ని వరుసలతో అచ్చం ఒకేలా కనిపించాలి. దీనికే కె-అనానిమిటీ అని పేరు. దీనిలోనూ చిక్కుంది: ఆ గుంపులో అందరిదీ ఒకే జబ్బైతే, మనిషెవరో విడిగా తేలకపోయినా జబ్బు తెలిసిపోతుంది. 2006లో సింథియా డ్వర్క్ బృందం డిఫరెన్షియల్ ప్రైవసీని ప్రతిపాదించింది. ప్రకటించే లెక్కల్లో కొలిచి మరీ కాస్త తేడా కలపడం దీని పద్ధతి. 2020 అమెరికా జనగణనలో దీన్నే వాడారు. ఏ పద్ధతిలోనైనా సమాచారంలో కొంత వివరం పోతుంది. భద్రతకు చెల్లించే ధర అదే.

రెండో దారి ఎన్‌క్రిప్షన్: కీ అనే రహస్య సంఖ్య ఉన్నవాళ్లు తప్ప ఎవరూ చదవలేని రూపంలోకి సమాచారాన్ని మార్చడం. ఇందులో అక్షరం కూడా పోదు. 2001లో అమెరికా ప్రమాణంగా ఖరారు చేసిన ఏఈఎస్‌ను సరిగ్గా వాడితే, కీ లేకుండా విప్పడం నేటి కంప్యూటర్లకు సాధ్యం కాదు. భారమంతా కీ మీదే. డేటా ఉన్న సర్వర్‌లోనే కీ కూడా పెడితే దొంగకు రెండూ ఒకేసారి దొరుకుతాయి.

మరి ఏది ఎంచుకోవాలి? ఈ సమాచారం పట్టుకుని మళ్లీ ఆ మనిషి దగ్గరికి వెళ్లాలా అన్నది ముందు తేల్చుకోవాలి. రోగికి మందు రాయాలంటే వెళ్లాలి, కనుక ఎన్‌క్రిప్షన్. ఏ పేటలో డెంగీ పెరుగుతోందో చూడ్డానికి పేషెంటు ఎవరో అక్కర్లేదు, కనుక అనానిమైజేషన్.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది ఈ రెండూ కాని హ్యాషింగ్. నంబరును గజిబిజి అక్షరాలుగా మార్చేస్తే ఆనవాలు చెరిగిపోయిందని చాలామంది నమ్ముతారు. 2014లో న్యూయార్క్ 17 కోట్లకు పైగా టాక్సీ ప్రయాణాల వివరాలను ఇలాగే విడుదల చేసింది. వీలున్న నంబర్లన్నిటికీ హ్యాష్ కట్టి పోల్చి చూస్తే, కొద్ది గంటల్లోనే అసలు టాక్సీ నంబర్లు బయటికొచ్చాయి. మన మొబైల్ నంబర్లూ అంతే: 6 నుంచి 9 లోపు అంకెతో మొదలయ్యే పదంకెల సంఖ్యలు మొత్తం 400 కోట్లే. మామూలు హ్యాషైతే వాటన్నిటినీ లెక్కగట్టడం కంప్యూటరుకు కొద్ది నిమిషాల పని. దాని బదులు ఒక్కో నంబరుకూ సంబంధమే లేని యాదృచ్ఛిక సంఖ్య ఇచ్చి, ఏది ఎవరిదో చెప్పే పట్టికను ఎన్‌క్రిప్ట్ చేసి వేరేచోట దాచాలి. అవసరం తీరాక ఆ పట్టికనూ దాని కీనీ చెరిపేయాలి.