తరుగు ఎక్కడిది?

పెండ్లి ముహూర్తముల నాడును, శివరాత్రికి కోటప్పకొండ దిగువన విద్యుత్ ప్రభలు బారులు తీరిన రాత్రియు, మా నరసరావుపేట స్టూడియోలవారు తీయు వీడియోలన్నియు కడకు చేరునది హార్డు డిస్కులలోనికే; కావున పెద్ద డిస్కు కొని తెచ్చి, కంప్యూటరుకు తగిలించి చూచినప్పుడు, అట్టపెట్టె మీద అచ్చయిన అంకె తెరమీద కనబడకపోయినచో, సొమ్ము పోయినదను చింతతోపాటు రేపటి పనిని ఎచ్చట దాచుకొందుమను దిగులు కూడ వారిని పట్టుకొనును. ఇట్టి డిస్కులను పరీక్షించుట నాకు చిరకాలముగా అలవాటైన పని. తరుగు ఎక్కడ వచ్చినదో తేలకముందు డిస్కును మార్పనెంచరాదనియు, దానిని తేల్చుటకు మొదటి సాక్ష్యము తెరమీది అంకెయేననియు ఆ యభ్యాసము నాకు నేర్పినది.

అన్నిటికంటె తరచుగా వచ్చునది తరుగు కాని తరుగు. తయారీదారులు టెరాబైటనగా లక్ష కోట్ల బైట్లని లెక్కింతురు. విండోస్ మాత్రము వేయికి బదులు 1024 చొప్పున హెచ్చవేసి, 1,09,951 కోట్లు దాటిన పిమ్మట గాని దానిని టెరాబైటని ఒప్పుకొనదు. కిలోబైటు దగ్గర నూటికి రెండున్నరకు లోబడియుండు ఈ యంతరము మెట్టు మెట్టునకు పెరిగి, టెరాబైటు దగ్గర నూటికి పది వరకు వచ్చును. అందుచేత 1 టీబీ డిస్కు 931 జీబీగాను, 4 టీబీ డిస్కు 3.63 టీబీగాను కనబడుట సహజము. పూర్వము ధాన్యము కొలుచు పుట్టి ఒక సీమలో ఒక తీరుగను, వేరొక సీమలో వేరొక తీరుగను ఉండుటచే, రాశి ఒకటే అయినను పుట్ల లెక్క మారెడిది, ఇదియు నట్టిదే. 1024 లెక్కకు కిబి, మెబి, గిబి యను వేరు పేర్లను అంతర్జాతీయ ప్రమాణసంస్థ ఐఈసీ 1998లోనే నిర్ణయించినను, విండోస్ పాత పేర్లనే వాడుచున్నది. ఆపిల్ వారి మ్యాక్ 2009లో వేయి లెక్కకు మారినది గావున, అదే డిస్కును దానికి తగిలించినచో 4 టీబీగానే చూపును.

లోటు నూటికి తొమ్మిది పదింటిని మించినప్పుడే అసలు పరీక్ష ఆరంభమగును. 1983లో ఐబీఎం పీసీ ఎక్స్‌టీ, దానితో డాస్ 2.0 వచ్చినప్పుడు, డిస్కును భాగములుగా పంచుటకు ఎంబీఆర్ అను పట్టికను ఏర్పరచిరి. అందులో సెక్టరుల సంఖ్యను వ్రాయుటకు 32 బిట్ల చోటే యున్నది. ఒక్కొక్క సెక్టరు 512 బైట్లు కాగా, ఆ పట్టిక మొత్తముమీద 2048 జీబీల వరకే చెప్పగలదు. పది మెగాబైట్ల డిస్కే గొప్ప సంపదయైన ఆనాడు, దానికి రెండు లక్షల రెట్లు మించిన హద్దు ఎన్నటికైన అడ్డమగునని యెవరు తలంతురు? నేడు 3 టీబీ డిస్కును ఎంబీఆర్ పద్ధతిలో సిద్ధపరచినచో, డిస్క్ మేనేజ్‌మెంటు తెరలో 2048 జీబీ ఒక తునకగను, మిగిలిన 746 జీబీ 'అన్‌అలొకేటెడ్' అను నల్లని పట్టీ క్రింద నిరుపయోగముగను కనబడును. దీనికి మందు జీపీటీ యను క్రొత్త పట్టిక. అయితే ఆ తెరలోనే పట్టిక మార్చదలచినచో ముందు ఉన్న భాగములన్నిటిని తొలగింపవలసియుండును గనుక, లోపలి వీడియోలను మరియొక డిస్కులోనికి ఎత్తిపెట్టుకొనక ఆ పనికి దిగరాదు.

ఇదే 746 మరియొక రూపమున కూడ వచ్చును. ఒకనాడు స్టూడియో నడుపు యువకుడొకడు పాత యూఎస్‌బీ కేసులో బిగించిన క్రొత్త డిస్కును తెచ్చి, "మూడు టీబీ అని కొంటే ముక్కాలు టీబీ కూడా లేదండీ మాష్టారూ" అని వాపోయెను. తెర తెరచి చూడగా, డిస్కు మొత్తమే 746 జీబీ. ప్రక్కన వేరు తునక యేదియు లేదు. పట్టికయే దోషి యైనచో 2048 కూడ అక్కడనే కనబడవలెను గదా! డిస్కు తన సెక్టరుల సంఖ్యను సరిగానే చెప్పినను, కేసులోని చిప్పు 32 బిట్లకు మించిన దానిని విడిచిపెట్టి, మిగిలిన శేషమును మాత్రమే కంప్యూటరుకు అందించినది. డిస్కును కేసునుండి విప్పి మదర్‌బోర్డు సాటా కేబులుకు నేరుగా తగిలించినంతనే 2794 జీబీ కనబడినది. అంకె యొకటే, అది మిగులుగా నున్నదా, మొత్తముగా నున్నదా యను దానినిబట్టి రోగము వేరు, మందు వేరు.

మూడవ రూపము మరింత ప్రమాదకరమైనది. కొన్ని కేసులు ఎంబీఆర్ హద్దును దాటుటకై సెక్టరును 4096 బైట్లుగా చూపును. అట్టి కేసులో వీడియోలతో నిండిన డిస్కును బయటికి తీసి నేరుగా తగిలించినచో, పట్టికలోని అంకెలు 512 లెక్కన చదువబడి, భాగము ఎనిమిదింట ఒక వంతుగ కనబడవచ్చును, లేదా ఫార్మాటు చేయుమని విండోస్ కోరవచ్చును. ఆ కోరికను మన్నింపక, డిస్కును మరల ఆ కేసులోనే పెట్టినచో వీడియోలు యథాతథముగా దొరకును. తొందరపడి ఫార్మాటు నొక్కినచో, చెక్కుచెదరని దానిని మన చేతులతో మనమే చెరుపుకొన్నవారమగుదుము.

నిండుగా కనబడు అంకెను కూడ అట్లే పరీక్షింపవలెను. చౌకగా అమ్ముడుపోవు నకిలీ డిస్కులు కొన్ని లేని పరిమాణమును ఉన్నట్లు చూపి, కొంత నిండిన పిమ్మట వ్రాసినదానిని మ్రింగివేయును. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ వంటి ఉపకరణముతో డిస్కంతయు వ్రాసి, తిరిగి చదివించి చూచినగాని వాటి మోసము బయటపడదు. పెద్ద డిస్కుకు ఆ పరీక్ష పూటలకొలది పట్టును; అయినను ముహూర్తమునకు ముందే అది చేయదగును. ఏలయన, డిస్కు మరల కొనవచ్చును గాని, తలంబ్రాల వేళ మరల రాదు. పరుల జ్ఞాపకములను దాచు బాధ్యత తలకెత్తుకొన్నవారు, అంకెను చదువుటకు పట్టెడి ఆ కొద్దిపాటి ఓర్పును తమ వృత్తిధర్మములో భాగముగా ఎంచుకొనవలెనని నా విన్నపము.