పల్సులు, వేగం, మోటార్‌మన్

డీసీ మోటారుకు శ్రేణిలో నిరోధకాన్ని కలిపి వేగం తగ్గించడమంటే విద్యుత్తును వేడిగా మార్చి పారబోయడమేనన్నది ఈ శీర్షిక పాఠకులకు తెలిసిన వాదనే: 12 వోల్టుల సరఫరాలో 6 వోల్టులు నిరోధకం పాలైతే, 2 ఆంపియర్ల ప్రవాహం వద్ద మోటారుకు అందేది 12 వాట్లు, వృథా అయ్యేదీ 12 వాట్లే. ఆ వృథాను తప్పించే పల్స్ విడ్త్ మాడ్యులేషన్‌కు పాఠాలలో చోటు దక్కడం సంతోషమే గాని, అది మోటారు వేగాన్ని నిలకడగా ఉంచుతుందని ఒక ప్రయోగశాల కరదీపిక రాసిన తీరు ఈ వారం చికాకు కలిగించింది.

ఈ పద్ధతిలో మాస్‌ఫెట్ అనే ట్రాన్సిస్టరు స్విచ్చుగా పనిచేస్తూ సరఫరాను సెకనుకు వందల, వేల సార్లు పూర్తిగా కలిపి, పూర్తిగా తెంపుతుంది. ప్రతి ఆవృత్తిలో అది కలిసి ఉండే కాలపు వాటాను డ్యూటీ సైకిల్ అంటారు, ఆ వాటా 50 శాతమైతే 12 వోల్టుల సరఫరా నుంచి మోటారుకు సగటున 6 వోల్టులు అందుతాయి. సరఫరా తెగినా వైండింగులోని ప్రేరకత్వం, అంటే ప్రవాహంలో మార్పును అడ్డుకునే గుణం, కరెంటును ఒక్కసారిగా ఆగనివ్వదు కనుక దానికి దారి చూపే డయోడు మోటారుకు సమాంతరంగా ఉండాలి. లేకపోతే ఎగసిన వోల్టేజీకి మాస్‌ఫెట్ బలవుతుంది. ఆర్డుయినో ఊనో బోర్డు చాలా పిన్నులపై ఇచ్చే పల్సుల పౌనఃపున్యం సుమారు 490 హెర్ట్జ్ కావడంతో మోటారు సన్నగా కూస్తుంది. 20 కిలోహెర్ట్జ్ దాటిస్తే ఆ కూత చెవికి అందదు గాని, స్విచ్చు మారే ప్రతిసారీ జరిగే నష్టం మొత్తంగా పెరుగుతుంది.

నిరోధకాన్ని తప్పుపట్టే ముందు బొంబాయి లోకల్ రైళ్లను తలచుకోవడం న్యాయం. 1925 ఫిబ్రవరి 3న విక్టోరియా టెర్మినస్ నుంచి కుర్లా వరకు 1500 వోల్టుల డీసీతో మొదలైన ఆ తరం రైళ్లలో నిరోధకాలు ప్రధానంగా బయలుదేరేటప్పటి కరెంటును అదుపు చేయడానికే. వేగం పుంజుకునే కొద్దీ వాటిని మెట్టుమెట్టుగా తప్పించి, మోటార్లను శ్రేణి సంధానం నుంచి సమాంతర సంధానానికి మార్చేవారు. ఎంత వృథాను ఎంతసేపు సహించవచ్చో ఆ ఇంజనీర్లకు బాగా తెలుసు. అంతకన్నా ముఖ్యం, వేగాన్ని కనిపెడుతూ హ్యాండిల్ సవరించే మోటార్‌మన్ అక్కడ ఉన్నాడు.

ప్రయోగశాల బల్లపై లోపించేది ఆ మనిషి చేసే పనే. డ్యూటీ సైకిల్‌ను కదపకపోయినా, ఇరుసుపై భారం పెరిగితే మోటారు తీసుకునే కరెంటు పెరుగుతుంది, ఆర్మేచర్ నిరోధంలో పోయే వోల్టేజీ పెరుగుతుంది, తిరగడం వల్ల మోటారులోనే పుట్టే వ్యతిరేక విద్యుచ్ఛాలక బలం ఆ మేరకు తగ్గుతుంది, అంటే వేగం పడిపోతుంది. పల్సులు నిర్ణయించేది సగటు వోల్టేజీని మాత్రమే. వేగం నిలవాలంటే ఎన్‌కోడరుతో భ్రమణాన్ని కొలిచి, లోటును బట్టి డ్యూటీ సైకిల్‌ను సరిదిద్దే ఫీడ్‌బ్యాక్ కావాలి. ప్రయోగశాల అధ్యాపకులు డ్యూటీ సైకిల్‌ను 50 శాతం వద్ద ఉంచి, భారం లేనప్పుడూ ఉన్నప్పుడూ వేగాన్ని విద్యార్థుల చేత కొలిపించి, ఆ రెండు అంకెలనూ రికార్డు పుస్తకంలో పక్కపక్కనే రాయించాలి.